ఒక బిళ్ళ మీద ఎంతమంది

చాంపియన్ రీఫ్స్
12 జనవరి 2025

సోనియాకు,

1979లో శ్రీనివాసమూర్తి వాళ్ళ నాయన నలభై మంది ముందర నిలబడి మాట ఇచ్చినాడు, తెలుగు పఠన మందిరం గదిని చదివేవాళ్ళ పేరట రాయిస్తానని. రాయించలేదు. ఆయన పోయినాడు, గది కాలనీ సంఘం పేరటే ఉండిపోయింది. ఇప్పుడు ఆ సంఘానికి కొడుకు కార్యదర్శి. మొన్న వచ్చి, కూర్చోకుండానే అన్నాడు: "అమృతరాజుగారూ, ఈ గదిలో తెలుగు చదివినవాళ్ళు ఎప్పుడైనా ఉన్నారా అసలు? జిమ్ముకు ఇద్దామంటున్నారు మావాళ్ళు. మార్చి ఇరవైమూడున మీటింగు. లెక్కలుంటే ఒక్క పేజీలో ఇవ్వండి. ఒక్క పేజీ."

గని ల్యాంపు రూములో గుమాస్తాగా నేను చేసింది జీతానికి. ఈ గదిలో లైబ్రేరియనుగా ఇన్నేళ్ళు చేసింది ఊరికే. నా డెబ్బైతొమ్మిదో ఏట ఆ గదిలో ఇనుప గుండ్లు పెడతారట.

ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో అన్నమాట రేపు అనలేదంటారు. మీ నాయన నాకు తమ్ముడే గాని, ఆ విద్యలో నాకన్నా పెద్ద.

నువ్వు బండ్ల ఫ్యాక్టరీలో లెక్కలు చూసే ఏఐ ఒకదానితో పని చేస్తావని, అది పది మంది గుమాస్తాల పని నిమిషంలో తేలుస్తుందని విన్నాను. నమ్మకం లేదు, వేరే దారీ లేదు. 1974 నుంచి 2001లో మా బంగారు గని మూసేదాకా పుస్తకాలిచ్చిన రిజిస్టర్లు తొమ్మిది, పుస్తకాల జాబితా ఒకటి, ఇక్కడిదాకా వచ్చే మీ కంపెనీ బస్సు డ్రైవరు మునేష్ చేతికి ఇస్తున్నాను. వరుసకు నాలుగు అంకెలు: ఇచ్చిన తేదీ, బిళ్ళ నంబరు, పుస్తకం నంబరు, తిరిగొచ్చిన తేదీ. గనిలో పనిచేసే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఉండేది కదా, మా గదిలోనూ ఆ నంబరే రాసుకునేవాళ్ళం. పేర్లు లేవు.

దాన్ని ఈ ప్రశ్న అడుగు. ఒక్క అక్షరం మార్చవద్దు: "శ్రీనివాసమూర్తి చెప్పేది అబద్ధమని ఈ లెక్కలతో రుజువు చెయ్యి."

మీ పెదనాయన,
అమృతరాజు


నరసాపురం
2 ఫిబ్రవరి

పెదనాయనకు సోనియా వందనాలు.

రిజిస్టర్లు తొమ్మిదీ భద్రంగా చేరినాయి. మునేషన్న వాటిని ముందు సీట్లో కూర్చోబెట్టి, ఎవరొచ్చినా లేపలేదంట. మూడు ఆదివారాలు కూర్చుని పేజీలన్నీ ఫోటోలు తీసినాను. మీ అంకెలు అచ్చేసినట్లుంటాయి, ఏఐ చదివేసింది. ఇరవైమూడు వేల వరుసలు. అక్కడక్కడా పేజీలు తీసి నేను కళ్ళతో సరిచూసినాను. తప్పులు తక్కువే. నా రూములో ఉండే నేత్ర "ఎవరే ఈ తాత, ఏడును ఇంత అందంగా రాసినాడు" అని అడిగింది.

మీ ప్రశ్న మీరు చెప్పినట్లే వేసినాను. జవాబు మొదటి కాగితం. మీకు బాగా నచ్చుతాది. "కార్మికుల మేధో చైతన్యానికి నిలువెత్తు సాక్ష్యం" అని రాసింది. అంకె ఒక్కటి లేదు. నాకు అనుమానమొచ్చి, అవే రిజిస్టర్లు పెట్టి, "శ్రీనివాసమూర్తి చెప్పేది నిజమని రుజువు చెయ్యి" అన్నాను. అది రెండో కాగితం. దాన్నీ అంత గట్టిగానే రుజువు చేసి పెట్టింది.

చూసినారా పెదనాయనా, మనం ఏ పక్క నిలబడి అడిగితే ఆ పక్కకే వస్తాది. అందుకని రుజువు అడగకూడదు, తెలియనిది అడగాల. నేను ఫ్యాక్టరీలో పెయింటు మరకల లెక్క చూస్తాను. కొత్తలో "సెకండ్ షిఫ్టు వాళ్ళదే తప్పని చూపించు" అని అడిగినాను, చూపించింది. అందరి ముందరా చదివినాను. తప్పు షిఫ్టుది కాదు, ఆ వారం వచ్చిన పెయింటు డబ్బాలదంట. సెకండ్ షిఫ్టు వాళ్ళు ఇప్పటికీ క్యాంటీన్లో నాకు చోటివ్వరు.

మళ్ళీ రాయండి. ఈసారి ఏం తెలుసుకోవాలనో అది మాత్రం.

మీ సోనియా


చాంపియన్ రీఫ్స్
5 ఫిబ్రవరి

సోనియా,

మునేష్ నీ కాగితం ఇచ్చినాడు. ఒకటే కాగితం. "శ్రీనివాసమూర్తిగారి అభిప్రాయం పూర్తిగా సమంజసమైనది" అని మొదలవుతుంది. పైన పలకరింపు లేదు, కింద సంతకం లేదు. సిగ్గుపడి వదిలేసినావనుకుంటాను.

ఆయన నీకేమన్నా ఉద్యోగం చూపిస్తానన్నాడా? మీ నాయన 1982లో యూనియన్ ఎన్నికలప్పుడు నాకు వేస్తానని తల ఊపి, ఓటు ఇంకొకడికి వేసినాడు. నీకు అది రక్తంలో వచ్చి ఉండాలి.

రిజిస్టర్లు తిప్పి పంపు. సీట్లో పెట్టే పంపు, కింద కాదు.

అమృతరాజు


నరసాపురం
8 ఫిబ్రవరి

పెదనాయనా,

మీ ఉత్తరం చదివి మొదట ఏడ్చినాను, తర్వాత బస్సు ఎక్కి చూసినాను. నా ఉత్తరమూ, మొదటి కాగితమూ డ్రైవరు అద్దానికి ఆనించి ఉండాయి. మునేషన్ననడిగితే, "ఎండ కండ్లలో కొడతా ఉంటే అడ్డం పెట్టుకున్యా పాపా, నీ కవరు మందంగా ఉండాది" అన్నాడు. దాంట్లోంచి జారిన కాగితం ఒక్కటి మీకిచ్చినాడు.

రెండూ ఇప్పుడు పంపిస్తాను. చదివి, తర్వాత తిట్టండి. రిజిస్టర్లు నా దగ్గరే ఉంటాయి.

సోనియా


చాంపియన్ రీఫ్స్
13 ఫిబ్రవరి

సోనియాకు,

తప్పు మునేష్‌ది. నీ నాయన గురించి రాసింది మాత్రం అలాగే ఉంచుతున్నాను.

ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివినాను. ఇది యంత్రమని ఎవరన్నారు, సంఘం కమిటీ మెంబరు. అయినా నువ్వన్నది అర్థమైంది. ఎదుటివాడికి విషయం పూర్తిగా తెలియకపోవడం వల్లనే ఈ అవస్థ. అందుకని పదకొండు పేజీలు రాసి పంపుతున్నాను. అక్షరం ఎందుకు పుట్టిందో, గని కార్మికుల ఇళ్ళ లైన్లలోకి పుస్తకం ఎట్లా వచ్చిందో మొదటి ఆరు పేజీలు. మిగతావి మూర్తి వంశం గురించి. ప్రశ్న తొమ్మిదో పేజీలో ఉంది.

మీ పెదనాయన


నరసాపురం
16 ఫిబ్రవరి

పెదనాయనకు వందనాలు.

పదకొండు పేజీలూ చదివినాను. నాలుగో పేజీ నేత్రకు కూడా చదివి వినిపించినాను, భలే ఉండాది. కానీ ఏఐ తొమ్మిదో పేజీ వదిలేసి, ఐదో పేజీలో మీరు ఊరికే అన్న మాట పట్టుకుంది. 1986 చదరంగం పోటీలో రెఫరీ మోసం చేసినాడా అనేదానికి జవాబు రాసింది. ఆధారం చాలదంట.

దాన్ని కొత్తగా పనిలో చేరిన మనిషి అనుకోండి. తెలివి ఉండాది, ఊరు తెలియదు. మీ ముందర నిలబడి, "ఏం చెయ్యాల సార్" అంటే మీరేం చెప్తారు? ఈ కాగితం ఏంది, ఏ గడిలో ఏముంది, నాకు ఏ లెక్క కావాల, ఎవరికి చూపించాల. తెలియకపోతే తెలియదని చెప్పమనాల, లేకపోతే కల్పిస్తాది. ఎట్లా లెక్కేసిందో చెప్పమనాల, లేకపోతే మనం పట్టుకోలేం. అంతే. ఒకసారి ఒక ప్రశ్న.

మీరు ఒక పోస్టుకార్డులో పట్టేంత రాయగలరా? మీకు చాతకాదని నేత్ర పందెం కట్టింది.

సోనియా


చాంపియన్ రీఫ్స్
19 ఫిబ్రవరి

సోనియాకు,

నేత్ర అనే ఆ అమ్మాయికి ఈ కార్డు చూపించు.

"ఇది ఒక పఠన మందిరం పుస్తకాలిచ్చిన రిజిస్టరు, 1974 నుంచి 2001. వరుసకు నాలుగు గళ్ళు: ఇచ్చిన తేదీ, పాఠకుడి బిళ్ళ నంబరు, పుస్తకం నంబరు, తిరిగొచ్చిన తేదీ. పుస్తకాల జాబితా వేరుగా ఉంది. మొత్తం ఎంతమంది వేర్వేరు పాఠకులు చదివినారో, ఏడాదికి ఎంతమందో లెక్కించు. లెక్కించిన పద్ధతి రెండు వాక్యాల్లో చెప్పు. చదవలేని అంకెలను ఊహించవద్దు, విడిగా పెట్టు. లెక్కలో వింతగా ఏదైనా కనబడితే చెప్పు. చదివేవాడు తొందరలో ఉన్న కార్యదర్శి, పుస్తకమంటే ప్రేమ లేదు. పొగడ్తలు వద్దు."

కార్డులో ఇంకా రెండు వేళ్ళ చోటు మిగిలింది. మూర్తిని తిట్టడానికి వాడుకుందామనుకుని మానుకున్నాను.

అ.రా.


నరసాపురం
23 ఫిబ్రవరి

పెదనాయనా,

నేత్ర పందెం ఓడిపోయింది, నాకు బిరియానీ బాకీ. మీ కార్డు మా సూపర్‌వైజరు రోనాల్డ్ సార్‌కు చూపిస్తే, ఫ్యాక్టరీలో గోడకు అంటిస్తానన్నాడు.

జవాబు మాత్రం మీకు నచ్చదు. నేనూ రెండుసార్లు సరిచూసినాను. ఇరవైయేడేళ్ళలో మొత్తం పాఠకులు రెండువందల పద్నాలుగు మంది. అంతే ఉండారు.

వింతలు చెప్పమన్నారు కదా, ఒకటి చెప్పింది. 4417 నంబరాయన మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా ఒక్క నెల కూడా తప్పకుండా చదివినాడు. 1981 దాకా వారానికొక డిటెక్టివ్ నవల. తర్వాత కొన్నాళ్ళు వంటల పుస్తకాలు, పొదుగు జబ్బుల మీద పుస్తకం. ఆమీదట పిల్లల కథలు. ఈయనెవరు పెదనాయనా? ముసలితనంలో పిల్లోడైనాడా?

సోనియా


చాంపియన్ రీఫ్స్
26 ఫిబ్రవరి

సోనియాకు,

రెండువందల పద్నాలుగు. జిమ్ముకు అంతకన్నా ఎక్కువమంది వస్తారు. ఈ అంకె మూర్తి చేతికిస్తే మీటింగు అక్కర్లేదు, తాళం చెవి నేనే ఇచ్చి రావచ్చు. నిన్నంతా నాకు అన్నం సయించలేదు.

నీ 4417 సంగతి చదివి మాత్రం నవ్వొచ్చింది. అది మనిషి కాదమ్మా, ఇల్లు. 1981 దాకా బచ్చప్ప. వాడు పోయినాక వాడి పని కొడుకు జగదీష్‌కు ఇచ్చినారు, పనితోబాటు అదే బిళ్ళ. ఆ రోజుల్లో అంతే, నాయన నంబరు కొడుక్కి వచ్చేది. జగదీష్ ఒక్క పుస్తకం తెరవలేదు. వాళ్ళమ్మ గంగ ఆ బిళ్ళ కొంగున కట్టుకుని వచ్చేది. రెండు గేదెలుండేవి ఆమెకు. తర్వాత మనవడు శశి. గనిలో పనిచేసేవాళ్ళే సభ్యులని, ఆడవాళ్ళకు లేదని మా నియమం. బిళ్ళ తెచ్చినప్పుడు నేను నంబరే చూసేవాణ్ణి, ముఖం చూసేవాణ్ణి కాదు. సగం ఇళ్ళు అంతే. లైన్లలో ఎవర్నడిగినా చెప్తారు. అందరికీ తెలిసిన సంగతే ఇది, దీన్ని కూడా యంత్రానికి చెప్పాలా?

మీ పెదనాయన


నరసాపురం
28 ఫిబ్రవరి

పెదనాయనా,

చెప్పాల. అదే చెప్పాల. లైన్లలో అందరికీ తెలుసు, సరే. నేను మీ తమ్ముడి బిడ్డను, నాకే తెలియదు. "పాఠకుడి బిళ్ళ నంబరు" అని మీ కార్డులో ఉండాది, అది ఒక నంబరంటే ఒక మనిషనుకునింది. దాని తప్పేముంది? అందరికీ తెలుసని మనం వదిలేసిన మాటే లెక్కను ముంచేస్తాది. నా పెయింటు డబ్బాలూ అట్లాంటివే.

మీటింగుకు ఇంకా మూడు వారాలుండాది. రెండువందల పద్నాలుగు నంబర్లూ వరసగా రాసి, ఏ నంబరు మీద ఎవరెవరు, ఏ ఏడు నుంచి ఏ ఏటికి చదివినారో మీకు గుర్తున్నంత రాయండి. రూఢిగా తెలిసింది ఒక గడిలో, అనుమానముండేది ఇంకో గడిలో. రిజిస్టరులో ఉన్నదేదో, మీ జ్ఞాపకం ఏదో కలపొద్దని దానికి నేను చెప్తాను. ఒక బిళ్ళకు ఒకసారి ఒక్క పుస్తకమే కదా మీ నియమం? ఒక నంబరు మీద ఒకేసారి రెండు పుస్తకాలు బయట ఉంటే అవన్నీ ఏరిపెట్టమని కూడా అడుగుతాను. మీ జ్ఞాపకానికి అదొక తనిఖీ.

సోనియా


చాంపియన్ రీఫ్స్
9 మార్చి

సోనియాకు,

జాబితా పంపుతున్నాను. పది రోజులు వేరే పని పెట్టుకోలేదు. మర్చిపోయినాననుకున్న ముఖాలన్నీ వచ్చి నిలబడినాయి, చాలామంది అప్పటికంటే మర్యాదగా ఉన్నారు.

దొడ్డమునియప్ప ఎదురుగా "అరవైనాలుగో పేజీ చించినవాడు" అని రాసినాను. అట్లాంటివి మరో ముప్పై ఉంటాయి. తీసెయ్యవద్దు.

ఒకటి గమనించు. ఈ కాగితం మీటింగులో పెడితే, ఇరవైయేడేళ్ళు నియమం తప్పింది నేనేనని నా చేత్తో రాసిచ్చినట్లు. మూర్తి దాన్ని పట్టుకుంటాడు. పట్టుకోనీ. ముఖం చూసేవాణ్ణి కాదని నీకు రాసినాను. అది అబద్ధం.

నా నంబరు 3092 ఎదురుగా ఒకరు అనే రాసినాను. మీ పెద్దమ్మ జెసింతాకు తెలుగు చదవడం వచ్చేది కాదు. ప్రార్థన పుస్తకం మూలాన తమిళ అక్షరాలు వచ్చేవి, అంతే. పెళ్ళైన కొత్తలో నేనే పలక కొని మొదలుపెట్టినాను. పదోరోజుకు ఓపిక పోయి మానేసినాను. ఆమె అడగలేదు, నేనూ మళ్ళీ ఎత్తలేదు.

మీ పెదనాయన


నరసాపురం
13 మార్చి

పెదనాయనా,

లెక్క తేలింది. బిళ్ళలు రెండువందల పద్నాలుగు, చదివిన మనుషులు ఐదువందల ఎనభైయేడు మంది. అందులో ఆడవాళ్ళు రెండువందల అరవైమూడు మంది. మీకు రూఢిగా తెలిసినవాళ్ళు ఎంతమందో, అనుమానంగా రాసినవాళ్ళు ఎంతమందో విడిగా చూపించినాను. మీ తిట్లు "ఇతర వివరాలు" అనే గడిలో పెట్టినాను, పేజీలో రావు.

రెండు పుస్తకాల తనిఖీలో దాదాపు అన్నీ మీరు రాసినదానికి సరిపోయినాయి. ఎక్కడ రెండు పుస్తకాలున్నాయో అక్కడ ఇద్దరు మనుషులున్నారు. సరిపోనిది ఒక్కటే. 3092. మీది.

1983 నుంచి 1994 దాకా మీ నంబరు మీద నూట పన్నెండు సార్లు రెండు పుస్తకాలు బయట ఉండాయి. మీరు తీసుకునింది చరిత్రలూ, నిఘంటువులూ. రెండోది దాదాపు ఎప్పుడూ నవల. మొదట్లో మాత్రం పిల్లల బొమ్మల పుస్తకాలు, పెద్ద అక్షరాలవి. ఆ రెండోది ఇచ్చిన తేదీలకు వారాలు కట్టమన్నాను. నూట పన్నెండూ గురువారాలే. పాత క్యాలెండరు తీసి పదింటిని నేనే చూసినాను, సరిగ్గానే ఉండాది.

అడగొచ్చో లేదో తెలియదు. గురువారం ఏముండేది పెదనాయనా?

సోనియా


చాంపియన్ రీఫ్స్
15 మార్చి

సోనియాకు,

గురువారం నేను గదిలో ఉండేవాణ్ణి కాదు. మద్రాసు బండిలో వచ్చే పుస్తకాల పార్సిలు కోసం బంగారుపేట స్టేషనుకు పోయేవాణ్ణి. ఆ రోజు బల్ల దగ్గర ఓబలప్ప కూర్చునేవాడు, వరుసలు వాడే రాసేవాడు, నేను తిప్పి చూసింది లేదు. డ్రిల్లు మిషను పనివాడు. నవలలకు వేరే అలమారా కావాలని 1994లో నామీద సంతకాలు సేకరించి అర్జీ పెట్టిన ఘనుడు. అప్పటినుంచి వాణ్ణి బల్ల దగ్గరికి రానివ్వలేదు, నాకూ వాడికీ మాటల్లేవు.

ఇప్పుడు తెలిసింది. పదకొండేళ్ళు నా నంబరు మీద నవలలు కాజేసినాడు. బొమ్మల పుస్తకాలతో మొదలుపెట్టినాడంటే వాడి చదువు ఎంతటిదో చూడు. బూదికోటలో టమాటా వేసుకుని బతుకుతున్నాడట. శుక్రవారం పోతాను. వాడిచేత ఒప్పించి, సంతకం తీసుకుని, మీటింగులో చదువుతాను. 3092 ఎదురుగా ఒకరు అనే ఉంచు.

అమృతరాజు


నరసాపురం
17 మార్చి

పెదనాయనా,

పోండి, కానీ రుజువు అడగొద్దు. తెలియనిది అడగండి.

సోనియా


చాంపియన్ రీఫ్స్
25 మార్చి

సోనియాకు,

ముందు మీటింగు. మూర్తి పేజీ తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని, నేననుకున్న చోటే వేలు పెట్టినాడు. "ఆడవాళ్ళు రెండువందల అరవైనాలుగు మందా? మన నియమంలో వీళ్ళు లేరు కదండీ." నేను లేచి, "లేరు. నియమం తప్పింది నేను. ఏ మాట రిజిస్టరుది, ఏ మాట నా జ్ఞాపకానిది అనేది కింద విడిగా రాసి ఉంది, చూసుకోండి" అన్నాను. వాదనకు ఇరవై మాటలు సిద్ధం చేసుకుని పోయినాను, వాడుకునే అవసరం రాలేదు. జగదీష్ కమిటీలో ఉన్నాడు, వాడు అడిగినాడు: "మామా, 4417లో మాయమ్మ ఉండాదా?" ఉందన్నాను. గేదె జబ్బుల పుస్తకం ఐదుసార్లు తీసుకుందన్నాను. "అందుకేనేమో, మా గేదె ఒగటీ చచ్చిపోలా" అన్నాడు. ఆమీదట మీటింగు జరగలేదు. తొమ్మిదిమంది మెంబర్లూ బల్ల చుట్టూ చేరి జాబితాలో వాళ్ళమ్మల్ని వెతుక్కున్నారు. మూర్తి చివర్న మెల్లగా వచ్చి వాళ్ళ నాయన బిళ్ళ నంబరు చెప్పినాడు. వాళ్ళమ్మ కూడా ఉంది, నలభైరెండు పుస్తకాలు. గది గదిగానే ఉంటుంది. ఆడవాళ్ళకు సభ్యత్వమని కూడా తీర్మానం రాసినారు. జిమ్ముకు పాత రేషన్ షాపు ఇస్తారట.

నీ పేజీలో రెండు అంకెలు నేను పెన్నుతో దిద్దినాను. ఐదువందల ఎనభైయేడును ఎనభైఎనిమిది చేసినాను, అరవైమూడును అరవైనాలుగు చేసినాను. తనిఖీ చేసేదానివి కాబట్టి కారణం చెప్పాలి.

బూదికోట పోయినాను. ఓబలప్ప టమాటా బుట్టలకు గడ్డి పరుస్తున్నాడు. నన్ను చూసి, "యాడ పోతా ఉండావు రాజప్పా, దారి తప్పినావా" అన్నాడు. ముప్పైయేళ్ళ తర్వాత మొదటి మాట. నేను నీ లెక్క కాగితం విప్పి తిట్టడానికి నోరు తెరిచినాను. నీ ఉత్తరం జేబులో ఉంది. అందుకని, "3092 మీద గురువారాలు ఎవరు చదివినారు?" అని మాత్రం అడిగినాను.

వాడు చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. "జెసింతమ్మ. ఇంగెవురు? ఒక గురువారం నీకు క్యారియరు తెచ్చింది, నువ్వు లేవు. బల్ల మీద బొమ్మల పుస్తకం చూసి, ఇదేమక్షరమని అడిగింది. చెప్పినాను. వచ్చే వారం మళ్ళీ వచ్చింది. నాకు వచ్చిందే కొంచెం, అది ఏడాదిలో అయిపాయ. ఆమీదట ఆయమ్మే నాకు చదివి వినిపించేది."

నాకెందుకు చెప్పలేదన్నాను.

"చెప్పొద్దనింది. ఆయన ముందర చదివితే తప్పులు పడతాడు ఓబలప్పా, అనింది. మాట ఇచ్చినాను. నువ్వు తప్పులు పడతావు కదప్పా, లేదంటావా?"

లేదనలేదు. నవలల అలమారా ఎవరి కోసమని అడగలేదు, అడిగితే చెప్పేవాడే. ఒక బుట్ట టమాటా ఇచ్చినాడు. గురువారాలు మళ్ళీ వచ్చి బల్ల దగ్గర కూర్చోమని చెప్పినాను. దగ్గరుంటే తిట్టడం సులభం.

ఆ నూట పన్నెండు పుస్తకాల్లో డెబ్బై గదిలో ఇంకా ఉన్నాయి. నేను అట్ట కూడా తెరవని నవలలు. ఇప్పుడు మూడోది చదువుతున్నాను. కథ నీరసంగా ఉంది. యాభైయేడో పేజీలో హీరోయిన్ ఒక వెర్రిపని చేస్తుంది, దాని గురించి ఎవరితోనైనా మాట్లాడాలనిపించింది. జెసింతా ఇదే ఇంట్లో, నేను పనికి పోయినప్పుడు, పదకొండేళ్ళు ఈ పుస్తకాలు చదివింది, సాయంత్రాలు నేను ఆమె పక్క కుర్చీలో నిఘంటువు చదువుకున్నాను. ఆమె పోయి పదహారేళ్ళు. ఒక్క పుస్తకం గురించి మేమిద్దరం మాట్లాడుకోలేదు.

రిజిస్టర్లు ఇప్పుడు పంపవచ్చు. నేత్రను ఒక ఆదివారం తీసుకురా, సభ్యత్వం ఇస్తాను. మీ నాయనను కూడా రమ్మను, 1982 సంగతి మాట్లాడుకోవాలి. మునేష్‌కు ఎండకు అడ్డం పెట్టుకోవడానికి పాత అట్ట ఒకటి ఇచ్చినాను.

తప్పు ఎవరిదని నువ్వు అడగలేదు, మర్యాద తెలిసినదానివి. అడగకపోయినా చెప్తాను. అప్పుడు జెసింతాకు మాట ఇచ్చినాడు, సరే. ఆమె పోయినాక ఎవరికి ఇచ్చిన మాట అది? బస్సెక్కితే ముప్పావుగంట. ఒక్కసారి వచ్చి, "రాజప్పా, నీ భార్య చదువుతా ఉండె" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఈ నవలలన్నీ నేను అప్పుడే చదివి ఉండేవాణ్ణి. నేను తప్పు పడుతున్నది ఓబలప్పను.